విషలోహముల పరీక్ష బావిగట్టుకు రావలెను



మట్టి పరీక్ష చేయించి, ఫలితపు కార్డును ఇంట భద్రపరచుకొన్నవారు మీలో అనేకులు ఉందురు. 2015వ సంవత్సరము ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సాయిల్ హెల్త్ కార్డు పథకము క్రింద మొత్తము 12 విషయములను పరీక్షించి వ్రాసి ఇచ్చు ఏర్పాటు జరిగినది. ఆ కార్డును ఒకసారి బయటకు తీసి చూచిన బాగుండును. నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఉదజని సూచిక, లవణ పరిమాణము, సేంద్రియ కర్బనము - ఇవి ఆ పన్నెండు. పైరుకు ఏమి కొరవడినదో తెలిసికొనుటకు ఇవి చక్కగా ఉపకరించును. కాని పైరులోనికి, కడవలోనికి రాకూడనిది ఏదైన వచ్చుచున్నదా అని చెప్పు గడి ఆ కార్డులో ఒక్కటియు లేదు. సీసము లేదు, కాడ్మియము లేదు, పాదరసము లేదు, యురేనియము లేదు.

చట్టమునకు ఈ లోహములు తెలియనివి కావు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద జింకు సల్ఫేటులో సీసము నూటికి 0.003 పాళ్ళకు, కాడ్మియము 0.0025 పాళ్ళకు మించరాదు. పట్టణపు చెత్తతో చేసిన కంపోస్టులో కిలోకు సీసము 100 మిల్లీగ్రాములను, కాడ్మియము 5 మిల్లీగ్రాములను దాటరాదు. బస్తాకు హద్దు ఉన్నది. ఆ బస్తా చేరు పొలమునకు, ఆ పొలము ప్రక్కనున్న బావికి మాత్రము పరీక్ష లేదు. ఈ లోపమును తీర్చవలెననియు, తీర్చుటకు తగిన పనిముట్టు ఒకటి సిద్ధమగుచున్నదనియు, అది వచ్చువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ పనిలేదనియు చెప్పుటకే ఈ వ్యాసము.

కంటికి కనబడని కలుపు

కలుపు మొలచినచో కంటికి కనబడును. పురుగు పడినచో ఆకే చెప్పును. జింకు చాలనిచో వరి ఆకు తుప్పురంగు తిరిగి హెచ్చరించును. కాని త్రాగునీటిలో సీసము కరిగియున్నచో రంగు మారదు, వాసన రాదు, రుచి తెలియదు. ఉప్పుగల్లు నీటిలో కరిగి కనబడకుండ పోవునట్లే లోహముల లవణములును కరుగును. అట్లు కరిగి విద్యుదావేశముతో నీటిలో సంచరించు లోహపు రూపములనే లోహ అయానులందురు. ఆ రూపములోనే లోహము వేరులోనికి, మన దేహములోనికి సులువుగా ప్రవేశించును.

ఎంత ఉన్న ప్రమాదమని మీరు అడుగవచ్చును. 2012 నాటి భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో సీసము లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదు. ఈ లెక్క పొలము భాషలో చెప్పినచో తేలికగా తెలియును. ఒక ఎకరము మడిలో 25 సెంటీమీటర్ల లోతున నీరు నిలిపితే సుమారు 10 లక్షల లీటర్లగును. అంత నీటిలో 10 గ్రాముల సీసము, అనగా నేటి బంగారపు అంగడిలో తూచు ఒక తులమెత్తు, కరిగినచో హద్దు నిండినట్లే. కాడ్మియమునకు హద్దు ఇంకను తక్కువ: లీటరుకు 0.003 మిల్లీగ్రాము.

ఈ లోహములు ఎక్కడనుండి వచ్చును? పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము కరిగించు తావులు, పరిశ్రమల మురుగు కలిసిన వాగులు, పట్టణపు మురుగునీరు పారు మాగాణులు, గనుల పరిసరములు - ఇవి ముఖ్యముగా అనుమానింపదగినవి. తెలంగాణలోని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు నేలలను హైదరాబాదు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి, వానిలో క్రోమియము, ఆర్సెనిక్ వంటివి ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఉన్నవని ప్రకటించియున్నారు.

పరీక్ష ఆలస్యమైనచో ఏమగునో మన ప్రాంతము ఇదివరకే చవిచూచినది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో పండ్లు గారపట్టి, నడుములు వంగిన మనుష్యులను చూచిన తరువాతనే, వారు త్రాగు నీటిలోని ఫ్లోరైడే దానికి మూలమని 1937లో వైద్యులు వెల్లడించిరి. ఫ్లోరైడు లోహము కాదు. నేను చెప్పబోవు సాధనము దానిని పట్టజాలదు. కాని పాఠము ఒక్కటే. నీటిని ముందు పరీక్షింపలేదు. మనుష్యుల ఎముకలే పరీక్ష చేసి చెప్పినవి.

జపానుదేశములో తొయామా ప్రాంతమున జింజూ నది ఉన్నది. ఎగువనున్న గనులనుండి కాడ్మియము ఆ నదిలోనికి, నదినుండి కాలువల ద్వారా వరి మడులలోనికి చేరినది. ఆ బియ్యము తిని, ఆ నీరు త్రాగినవారికి, విశేషముగా స్త్రీలకు, ఎముకలు పెళుసుబారినవి. నొప్పితో వారు పెట్టిన కేకయే ఆ వ్యాధికి పేరైనది: ఇటాయ్-ఇటాయ్, అనగా “అబ్బా, అబ్బా” అని. అది కాడ్మియము వలన కలిగిన వ్యాధియేనని జపాను ప్రభుత్వము 1968లో అంగీకరించినది. ఆ రైతులును మనవలెనే వరి పండించినవారే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి?

ఏ లోహమో తెలియక మందు లేదు

“నీరు చెడినది” అనినంత మాత్రమున రైతుకు దారి దొరకదు. ఏ లోహము, ఎంత - ఈ రెండును తెలియవలెను. ఒక ఉదాహరణము చెప్పుదును. వరి మడిలో కాడ్మియము ఉన్నదనుకొందము. పైరు ఈనిక దశకు ముందు, తరువాత కొన్ని వారములు నీరు నిలిపి ఉంచినచో, మట్టిలోని కాడ్మియము గంధకముతో కలిసి కరగని రూపము దాల్చి, గింజలోనికి తక్కువగా పోవును. జపానులో ఈ పద్ధతి ఆచరణలో ఉన్నది. ఆర్సెనిక్ ఉన్న మడిలో ఇదే పని చేసినచో ఫలితము తలక్రిందులగును. నిలువ నీటిలో ఆర్సెనిక్ ఎక్కువగా కరిగి వేరునకు మరింత అందును. అక్కడ ఆరుతడి మేలు. ఒకదానికి మందైనది రెండవదానికి విషమగుచున్నది. కనుక ఊహమీద సలహా చెప్పుట మావంటివారికి తగదు; ఊహమీద నీరు కట్టుట మీకును తగదు.

ఈ రెండు ప్రశ్నలకు నమ్మదగిన సమాధానమును నేడు పెద్ద ప్రయోగశాలలు మాత్రమే ఇచ్చుచున్నవి. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు అలన్ వాల్ష్ 1955లో లోకమునకు తెలిపిన అటామిక్ అబ్సార్ప్షన్ పద్ధతి అందులో ముఖ్యమైనది. అది మేలైన పద్ధతి. కాని ఆ యంత్రము విలువ లక్షలలో ఉండును. దానికి గ్యాసు, నిలుకడైన కరెంటు, శిక్షణ పొందిన మనిషి కావలెను. యంత్రము ఊరికి రాలేదు; నీరే యంత్రము వద్దకు పోవలెను. అంత దూరము సీసా మోసుకొనిపోయి, ఫలితమునకై ఎదురుచూచు రైతులు ఎందరుందురు?

డి.ఎన్.ఏ. లోహమును పట్టు విధము

ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ.ను పనిలో పెట్టినారు. డి.ఎన్.ఏ. అను మాట మీకు కొత్తది కాదు. విత్తనపు జాతి స్వచ్ఛతను తేల్చునప్పుడు, బి.టి. పత్తిని గుర్తించునప్పుడు వినియే ఉందురు. వంశలక్షణములను భద్రపరచు దారము వంటి పదార్థమది.

ఎంజైము అనునదియు మీ పొలములోనిదే. యూరియా చల్లినచో అది మట్టిలో అమ్మోనియాగా మారుటకు యూరియేజు అను ఎంజైము కారణము. పనిని త్వరపరచి, తాను తరగక మిగులు దానిని ఉత్ప్రేరకమందురు. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ ఒక చిక్కుడు జాతి గింజలనుండి ఈ యూరియేజునే స్ఫటికముగా వేరుచేసి, అది మాంసకృత్తు అని చూపినాడు. ఎంజైములన్నియు మాంసకృత్తులే అను నమ్మకము తరువాత చాలకాలము నిలిచినది. డి.ఎన్.ఏ.కు దగ్గరి బంధువైన ఆర్.ఎన్.ఏ. కూడ ఎంజైమువలె పనిచేయగలదని కనుగొన్నందుకు థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ అను వారికి 1989లో నోబెల్ బహుమతి లభించినది. 1994లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో రోనాల్డ్ బ్రేకర్, జెరాల్డ్ జాయిస్ అను వారు డి.ఎన్.ఏ. సైతము ఉత్ప్రేరకము కాగలదని చూపినారు. ఆ మొదటి డి.ఎన్.ఏ. సీసపు అయాను ఉన్నప్పుడే పనిచేసినది.

వారు దానిని సంపాదించిన తీరు రైతుకు వెంటనే అర్థమగును. మనము చేనిలో మంచి కంకులను ఏరి, వాని గింజలను మరల విత్తి, మరల ఏరుచు రకమును శుద్ధి చేయుదుము గదా! వారును అదే చేసినారు. సుమారు కోటి కోట్ల వేరువేరు డి.ఎన్.ఏ. ముక్కలను తీసికొని, సీసము తగిలినప్పుడు తెగు గుణము ఉన్నవానిని మాత్రము ఏరి, వానిని పెంచి, మరల ఏరినారు. చేను పరీక్షనాళికలో ఉన్నది, అంతే భేదము.

ఇక పనిచేయు విధము. ఇందులో రెండు దారములుండును. ఒకటి కోయు దారము, రెండవది తెగు దారము. తెగు దారములో చెరకు గడకు కణుపు ఉన్నట్లు ఒకచోట ఆర్.ఎన్.ఏ. కణుపు ఉండును. అడకత్తెరకు మధ్యనుండు చీల ఊడినచో పోకచెక్క తెగదు. ఈ డి.ఎన్.ఏ.కు సీసపు అయాను ఆ చీల వంటిది. నీటిలో సీసము ఉన్నచో అది చీలవలె అమరును; కణుపు వద్ద దారము తెగును. సీసము లేనిచో దారము తెగక ఉండును. తెగు దారమునకు మెరయు రంగును, దాని ప్రక్కనే ఆ వెలుగును మింగు మరొక పదార్థమును అంటించుదురు. దీపము మీద బుట్ట బోర్లించినట్లు వెలుగు కనబడదు. దారము తెగగానే బుట్ట తొలగి దీపము కనబడును. వెలుగు హెచ్చు వేగమును బట్టి సీసము ఎంత ఉన్నదో చెప్పవచ్చును.

ఇంతవరకు సాధించినది

ఈ పద్ధతితో సీసమును కొలుచుటను 2000వ సంవత్సరములో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున జింగ్ లీ, యీ లూ అను వారు మొదట ప్రకటించినారు. 2003లో అదే చోట జ్యువెన్ లియు, యీ లూ బంగారపు అతిసూక్ష్మ రేణువులను ఈ డి.ఎన్.ఏ.తో కలిపి, నీలిరంగు ఎరుపుగా మారునట్లు చేసినారు. అనగా యంత్రము లేకయే కంటితో చూడవచ్చును. అయితే ఆ మొదటి రంగు పరీక్ష లీటరుకు సుమారు 0.02 మిల్లీగ్రాము సీసము ఉన్నప్పుడు గాని చెప్పలేకపోయినది. అది మన హద్దుకు రెట్టింపు. 2008 నాటికి అదే బృందము రంగు పరీక్షను హద్దుకంటె చాల తక్కువ సీసమును సైతము చూపునంతగా బాగుచేసినది.

యురేనియము విషయములో 2007లో వచ్చిన ఫలితము ఆశ్చర్యకరము. ఆ డి.ఎన్.ఏ. లీటరుకు 0.011 మైక్రోగ్రాము యురేనియమును పట్టినది. ఇతర లోహములకంటె యురేనియమునకు పది లక్షల రెట్లు ఎక్కువగా స్పందించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటికి సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. 2011లో యూ షియాంగ్, యీ లూ మరొక తెలివైన పని చేసినారు. లోహము తగిలి దారము తెగినప్పుడు ఇన్వర్టేజు అను ఎంజైము విడివడునట్లు అమర్చినారు. అది పంచదారను గ్లూకోజుగా మార్చును. ఆ గ్లూకోజును చక్కెర వ్యాధిగలవారు ఇంట వాడు చిన్న మీటరుతోనే కొలిచినారు. ఆ విధముగా కొలిచినవానిలో యురేనియము ఒకటి.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గని, శుద్ధి కర్మాగారము 2012లో ప్రారంభమైనవి. ఆ చుట్టుప్రక్కల రైతులు తమ బోరునీటిని గూర్చి ప్రశ్నలు వేయుచు వచ్చిన సంగతి పత్రికలు చదువువారికి తెలియును. కొన్ని రాతినేలలలో యురేనియము సహజముగను నీటిలో కరుగును. ఎవరి మాట ఒప్పు, ఎవరి మాట తప్పు అను వాదములోనికి నేను పోను. కాని రైతు తన బోరు వద్ద నిలిచి, తన కంటితో అంకె చూడగలిగిన నాడు ఆ వాదము సగము తగ్గునని మాత్రము నమ్ముచున్నాను.

దీనికి గల హద్దులు

కొత్త సాధనమును పొగడుట సులభము. దాని హద్దులు చెప్పకుండుట రైతును మోసగించుట. ఇది ముఖ్యముగా నీటికి తగినది. మట్టిలోని లోహము బంకతోను, సేంద్రియ పదార్థముతోను పెనవేసికొని యుండును. దానిని ఆమ్లముతో విడదీసి, ఆ ఆమ్లమును మరల చల్లార్చిన గాని డి.ఎన్.ఏ. పనిచేయదు. జింకు లోపమును చూచుటకు మనము వాడు డి.టి.పి.ఏ. ద్రావణము లోహమును గట్టిగా పట్టుకొనును. అట్టి ద్రావణములోని లోహమును డి.ఎన్.ఏ. చూడలేదు. జింకుకు ఇప్పుడున్న మట్టి పరీక్షయే చాలును. చౌడు నేలకు లవణములను కొలుచు చిన్న మీటరే చవక.

సీసమును పట్టు రకము జింకుకును కొంత స్పందించును. నీటి వేడి, కాఠిన్యము ఫలితమును మార్చగలవు. చేతి చెమటలోని ఎంజైములు తగిలినచో లోహము లేకున్నను ఆర్.ఎన్.ఏ. కణుపు తెగి, లేని సీసము ఉన్నట్లు చూపవచ్చును. ఆర్సెనిక్ నీటిలో సీసమువలె వట్టి అయానుగా ఉండదు. కనుక సీసపు పరీక్షతో ఆర్సెనిక్ లేదని చెప్పుట పొరపాటు.

నా అభిప్రాయమున ఈ సాధనము ఊరి కావలివాని వంటిది. ప్రయోగశాల న్యాయస్థానము వంటిది. కావలివాడు కేక వేయవలెను. తీర్పు న్యాయస్థానము చెప్పవలెను. ఒక మండలములో 500 బోరులున్నవనుకొందము. అన్నిటి నీటిని నగరమునకు పంపుట జరుగని పని. అన్నిటిని గట్టుమీదనే చూచి, అనుమానము కలిగిన ఇరువది ముప్పదింటిని మాత్రము పంపుట జరుగు పని. రెండవ తీర్పు లేక మొదటి కేకను బట్టియే ఎవరి బావినైనను మూయించరాదు. కేక వినబడిన తరువాత ఎవరును నిద్రపోరాదు.

చేయవలసిన పనులు

మొదటిది, మన వ్యవసాయ విశ్వవిద్యాలయము, పరిశోధన స్థానములు ఈ సాధనమును మన నీళ్ళపై, మన ఎండలలో, అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రము ప్రక్కన పెట్టి పరీక్షింపవలెను. ఇల్లినాయిలో నిలిచినది రాయలసీమ గట్టినీటిలో నిలుచునని ముందే అనుకొనరాదు. అంతవరకు ఎవరైన పెట్టె పట్టుకొని వచ్చి ఇది సర్వలోహములను చూపునని చెప్పినచో రైతులు డబ్బు ఇవ్వకుండుట మంచిది.

రెండవది, దారి కొత్తగా వేయ నక్కరలేదు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చు ఏర్పాటు ఉన్నది. వారి పెట్టెలో ఉదజని సూచిక, కాఠిన్యము, ఫ్లోరైడు, ఇనుము, నైట్రేటు వంటివి చూచు మందులుండును. నిగ్గు తేలిన నాడు సీసము, యురేనియము పరీక్షలు ఆ పెట్టెలోనే చేరవలెను.

మూడవది, అనుమానపు తావులలోని పొలములకు కార్డులో విషలోహముల గడి ఇప్పుడే తెరువవలెను. దీనికి కొత్త సాధనముకొరకు కాచుకొన నవసరము లేదు. ఉన్న ప్రయోగశాలలతోనే మొదలుపెట్టవచ్చును.

నాలుగవది మిక్కిలి సున్నితమైనది. “నా బావిలో సీసమున్నదని తెలిసినచో నా కూరలు ఎవరు కొందురు?” అను భయము రైతుకు ఉండును. ఆ భయము నిజమైనదే. ఫలితమును అంటించి వెళ్ళిపోవుట ప్రభుత్వ ధర్మము కాదు. ఫలితముతోపాటు త్రాగుటకు వేరు నీరు, పొలమునకు వేరు పైరు చూపవలెను. ఆకుకూరలు లోహమును ఎక్కువగా గ్రహించును. అట్టి తావులలో వాని బదులు పత్తి, పూలు వేయవచ్చును. ఆమ్లగుణముగల నేలలో తగినంత సున్నము వేసిన కాడ్మియము పైరుకు అందుట తగ్గును. దారి చూపు పరీక్షకు రైతు భయపడడు. దారి మూయు పరీక్షను దాచిపెట్టును.

గ్రామాధికారులకు ఒక మనవి. మీ గ్రామములో బ్యాటరీ సీసము కరిగించు తావులు, పరిశ్రమ మురుగు కలియు వాగులు, వాని ప్రక్కనున్న త్రాగునీటి బోరులు ఏవో మీకు తెలిసినంతగా జిల్లా కార్యాలయమునకు తెలియదు. ఆ జాబితా వ్రాసి సిద్ధముగా ఉంచవలెను. నమూనా తీయునప్పుడు బోరును కొంతసేపు నడిపిన తరువాత, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు సారులు తొలచి పట్టవలెను. ప్రయోగశాలవారు ఇచ్చు ఆమ్లపు చుక్కలు వారు చెప్పిన నమూనాకే వేయవలెను; డి.ఎన్.ఏ. పరీక్షకు పెట్టు నీటిలో అది కలియరాదు.

స్త్రీలకు ఇంటింట చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. నీటిని కాచినచో క్రిములు చచ్చును గాని లోహము చావదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో లోహము చిక్కబడును. అనుమానమున్న నీటిని కాచి పిల్లలకు పట్టుట రక్షణ కాదు. వేరు నీరు తెచ్చుటయే రక్షణ.

పైరుకు ఏమి కావలెనో అడుగుట మనము నేర్చినాము. పైరులోనికి ఏమి రాకూడదో అడుగుటయు ఇక నేర్వవలెను. ఈసారి మట్టి నమూనా ఇచ్చుటకు రైతు సేవా కేంద్రమునకు పోయినప్పుడు “మా నీటిలో సీసము సంగతి ఏమిటి?” అని అడిగి రండి. అడుగువారు పదిమంది అయిననాడు ఆ గడి తప్పక తెరువబడును.